వెనకబడ్డ మొదటి ప్యాకెట్

"సైరన్ తీగ ఎవరు కోశారు?"

గోదాముల నిర్వహణ చూసే హైదరాబాద్ కంపెనీ నుంచి వచ్చిన ప్రేమ్‌సాగర్ ఇంకా కుర్చీలో కూడా కూర్చోలేదు. కంప్యూటర్ ఆపరేటర్ నవత చంకలోని పాపను రెండో చంకకు మార్చుకుంది.

"తీగ ఎవ్వరు కొయ్యలే సార్."

"రోజుకు ముప్పైసార్లు మోగే సైరన్ పదకొండు రోజులుగా మూగబోయింది. అల్లం కోల్డ్‌స్టోరేజీ ఇది. తలుపు తెరిచి మరిచిపోతే సరుకంతా పాడైపోతుంది. సైరన్ ఆపిన మనిషిని ఇవాళే తీసేసి రమ్మన్నారు నన్ను."

మేనేజర్ సంగయ్య అడ్డం వచ్చాడు. "అది తలుపు మూసినా మోగేది సార్. దినాం ముప్పై మాట్ల వింటుంటే అల్లంకన్న ముందు నేనే కుళ్లేటట్టుంటి."

"మీరాగండి. అమ్మా, నువ్వు చూపించు."

నవత పాపను గట్టిగా హత్తుకుంది. పాలు తాగే పిల్లను వెంట తెచ్చుకోనిచ్చే పని జహీరాబాద్‌లో ఇంకెక్కడ దొరుకుతుంది? "సంగయ్య కాకా, జర మూడో తలుపు తెరిచి అట్లనే ఉంచు."

నిమిషం తిరక్కముందే సైరన్ గోలపెట్టింది. పాప కెవ్వుమంది. సంగయ్య తలుపు మూసేసి, సైరన్ ఆగాక మళ్లీ తెరిచి, వెంటనే మూశాడు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. చలి మిషన్ల హోరు తప్ప ఏ చప్పుడూ లేదు.

"మరి ఏం చేశావు?"

"తలుపుల కాడి సెన్సార్ డబ్బాలు తెరిచిన కబురు, మూసిన కబురు జమచేసి నిమిషానికోపారి అన్ని వరుసగ పంపుతయ్ గద సార్. ఆ కబుర్లు మోసే, కంప్యూటర్ల నడిచే వర్చువల్ స్విచ్ కోడ్ జర మార్చిన."

"ఎవరినడిగి?"

"మీ కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టిన. ఎవ్వరు పలుకలే."

"నేనే మార్చమన్న సార్. తీసేస్తే నన్ను తీసెయ్యున్రి," అన్నాడు సంగయ్య.

ప్రేమ్‌సాగర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తప్పు ఎక్కడుందో చెప్పు."

"అల్లం యార్డు గేటు కాడ అయ్యేదే గీడ అయితుంది సార్. మా నాయన రాయికోడ్ నుంచి మూడు ట్రాక్టర్లు తోలుకొచ్చేటోడు. ముందటి ట్రాక్టరు మీద ఆయనే ఉండేటోడు. గేటాయన చూసి, 'ఎవరిదో నాకెర్కలేదు, ఆఫీసుకు పో' అనేటోడు. ఆఫీసోళ్లు గేటుకు ఫోన్ చేసి, 'మన రైతే, వదులు' అనేటోళ్లు. మా నాయన ఆఫీసు కాడికెళ్లి మర్లి వచ్చేసరికి ఎనుక రెండు ట్రాక్టర్లు సీదా లోపలికి పోయేటివి. ముందుగాల పోయినాయన ఆఖరుకు పడేటోడు."

"స్విచ్‌లో ఆ గేటు ఏది?"

"కర్నల్ సార్, సిస్టం అడుగున నడిచే ప్రోగ్రాం. కబురు మోసే ప్యాకెట్‌కు దారి తెల్సిందైతే గట్లనే వదుల్తది. జరసేపు కబుర్లు రాకుంటే ఆ దారి మర్చిపోతది. దారి తెల్వకుంటే మీదికి, మామూలు ప్రోగ్రాంలుండే యూజర్‌స్పేస్‌కు పంపుతది. అది ఆఫీసు. ఆఫీసు దారి చెప్పంగనే ఎనుకటి ప్యాకెట్లు ఉరుకుతయ్. 'తలుపు మూసిన్రు' అన్న కబురు ముందు చేరుతది, 'తెరిచిన్రు' అన్నది ఎనుక చేరుతది. తలుపు ఇంక తెరిచే ఉందని సైరన్ మొత్తుకుంటది."

"మరి నీ మార్పు?"

"ముందటిది ఆఫీసు నుంచి వచ్చి లోపలికి పోయేదాంక, అదే డబ్బా పంపిన ఎనుకటివి గేటు కాడ ఆగాలె. వేరే డబ్బాలవి ఆగే పనిలేదు."

ప్రేమ్‌సాగర్ స్క్రీన్ మీద వందల వరుసలు దాటుకుంటూ పోయి, ఆమె మార్చిన చోటే ఆగాడు.

"ఇది బాగా అనుభవం ఉన్నవాళ్లు రాసిన కోడ్ అమ్మా. వేగం కోసం అలా రాశారు."

"రాసినాయన తెలివిగల్లోడే సార్. కని ఎన్నడు లైన్ల నిలబడి ఉండడు. ఏ గేటుకు పోయినా సలాం కొట్టి వదుల్తరు గావచ్చు ఆయనను."

సంగయ్యకు పొలమారింది. ప్రేమ్‌సాగర్ ఒక్క క్షణం కీబోర్డు మీద వేళ్లు కదపలేదు.

"సరే, తేల్చేద్దాం."

ముందు పాత కోడ్ పెట్టి పదివేల కబుర్లు వదిలాడు. నాలుగు వందల పన్నెండు వరుస తప్పాయి. తర్వాత నవత కోడ్ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని పాప వీపు నిమురుతూ నిలబడింది.

"సున్నా!" సంగయ్య గట్టిగా చదివాడు.

ప్రేమ్‌సాగర్ ఈసారి లక్ష వదిలాడు. సున్నా. ఆలస్యం ఎంతో కొలిచాడు. మొదట్లో రవ్వంత ఆగడమే తప్ప, దారి తెలిశాక వేగం పాతదే.

"లక్షల ఒక్కటి గూడ తప్పలే సార్! మా పిల్లనా మజాకా!" సంగయ్య బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఎంతవరకు చదివావమ్మా?"

"ఇంటర్ నడుమలనే ఆగింది సార్. పాపకు పాలిచ్చుకుంట ఫోన్ల వీడియోలు చూసి నేర్చుకున్న."

ప్రేమ్‌సాగర్ బ్యాగులోంచి కంపెనీ కాగితం తీసి అక్కడికక్కడే చేత్తో రాశాడు. నవతను నెట్‌వర్క్ టీములోకి తీసుకుంటున్నాం. ఇంటి నుంచే పని. ఈ మార్పు ఆమె పేరుతోనే కంపెనీ చూసే గోదాములన్నిటికీ వెళుతుంది. కింద సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చాడు.

నవత ఒకసారి చదివి, నమ్మలేక మళ్లీ చదివింది. పాపను పైకెత్తి ముద్దాడింది. పిల్ల ఎందుకో తెలియకుండానే కిలకిలా నవ్వింది. అంతలోనే నవత ముఖంలో దిగులు కమ్ముకుంది.

"సార్... గా కోడ్ రాసినాయన మీ ఆఫీసులనే ఉంటడు గద? నేనన్న మాట ఆయన చెవులవడితే నన్ను పనిల ఉండనిస్తడా?"

ప్రేమ్‌సాగర్ బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

"ఆ సంతకం ఆయనదే."