ఫోన్ల బుట్ట

మౌనవేళలో మళ్లీ ఎవరో మాట్లాడుతున్నారు.

లీడరమ్మ తలెత్తి చూసింది. నిజానికి చూడక్కర్లేదు. చిక్కుడు పందిరి కింద గుసగుస వినిపించిందంటే అది వసపిట్టే.

ధ్యానమందిరం వెనక ఏళ్ల తరబడి చెత్త పోస్తూ వచ్చిన స్థలాన్ని తోటగా మార్చే పని లీడరమ్మ నెత్తిన వేసుకుంది. దుక్కి లేదు, మందు లేదు. నేల మీద అట్టముక్కలు పరిచి, తడిపి, పైన ఎండుగడ్డి కప్పి, అడవి తనంతట తాను పెరిగినట్టు పెంచాలని ఆమె పట్టుదల. పెర్మాకల్చర్ అనడానికి నోరు తిరగనివాళ్లు కూడా గడ్డి మోయడానికి వచ్చారు.

అలా వచ్చినవాళ్లలో వసపిట్ట ఒకతి. తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేది, పని చేసేది, వెళ్లిపోయేది. ఎక్కడుంటుందో ఎవరూ అడగలేదు. ఆ పేరు పెట్టింది మాత్రం లీడరమ్మే.

తోటలో పని గంట కొట్టగానే నోళ్లు మూతపడాలి, ఫోన్లు గేటు దగ్గరి వెదురు బుట్టలో పడాలి.

మొదట్లో ఆ నియమం లీడరమ్మ ప్రాణానికే వచ్చింది. ఇంట్లో ఆమె తల్లి తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. చూసుకోవడానికి ఆయా ఉన్నా, పెద్దావిడ ఊరుకోదు. ఏం చేస్తున్నావు, ఎప్పుడొస్తావు అని ఒకటే ఫోన్లు. ఎవరో జాలిపడి ఫోను తెచ్చి ఇవ్వబోతే, లీడరమ్మ పెదవుల మీద వేలు పెట్టి వద్దని సైగ చేసింది.

తర్వాత ఆ ఫోన్లు వాటంతటవే ఆగిపోయాయి. మా అమ్మకు ఇన్నాళ్లకు జ్ఞానోదయమైందని లీడరమ్మ తోటివాళ్లతో నవ్వుతూ చెప్పుకుంది.

ఈవేళ మాత్రం ఆమెకు ఓపిక నశించింది. మర్నాడు మందిరం పెద్దలు తోట చూడటానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే తోట ఉంటుంది. లేకపోతే అక్కడ కార్లు నిలుపుతారు. అలాంటప్పుడు ఈ గుసగుసలేమిటని గడ్డిమోపు దింపి చరచరా నడిచింది.

వసపిట్ట చిక్కుడు తీగను దారానికి ఎక్కిస్తూ, దానికే చెబుతున్నట్టు మాట్లాడుతోంది.

"ఊదారంగు పూతండీ. కింది గుత్తికి పిందెలు కూడా పడ్డాయి."

తలగుడ్డ అంచున సన్నటి వైరు కనిపించింది. లీడరమ్మ దాన్ని పట్టుకుని లాగింది. చెవిలోని ఇయర్‌ఫోను ఊడి గడ్డిలో పడింది.

"ఎవరితో?"

వసపిట్ట కంగారుగా ఫోను ఆపేసింది. "ఒక పెద్దావిడండీ. మంచం మీద ఉంటారు. తోట కబుర్లు చెబితే సంతోషిస్తారు."

"మీ అమ్మా?"

"నాకు అమ్మ లేదండీ."

"మరెవరు?"

వసపిట్ట చుట్టూ చూసింది. అందరూ పనులాపి వీళ్లనే చూస్తున్నారు. వంగి గడ్డిలోని ఇయర్‌ఫోను ఏరుకుంది.

జవాబు రాకపోయేసరికి లీడరమ్మ రెచ్చిపోయింది. మౌనం ఎంత గొప్పదో చాలాసేపు మాట్లాడింది. సేవంటే కాలక్షేపం కాదంది, ఇంటి గోల ఇంట్లో వదిలి రావాలంది. చివరికి గొంతు పెంచింది.

"మా ఇళ్లలోనూ పెద్దవాళ్లున్నారు. మేమంతా చెవిలో ఫోను పెట్టుకుని తిరుగుతున్నామా? రేపట్నించి మీరు రాకండి."

వసపిట్ట ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తలదించుకుంది. దారం ఉండను పందిరి గుంజకు తగిలించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం లీడరమ్మ ఇల్లు చేరేసరికి తల్లి ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉంది.

"మీ చిక్కుడుకి పిందెలు పడ్డాయటగా," అంది.

చెప్పులు విడుస్తున్న లీడరమ్మ ఆగిపోయింది. తోట గురించి ఆమె తల్లితో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒళ్లు హూనమై వచ్చి, తిన్నావా, మందు వేసుకున్నావా అని రెండు ముక్కలతో సరిపెట్టేది.

పెద్దావిడ ఆగలేదు. అట్టముక్కల కింద వానపాములు చేరాయట, గుమ్మడితీగ గోడెక్కి పక్కింట్లోకి తొంగి చూస్తోందట. అన్నీ తను దగ్గరుండి చేయించినట్టే చెప్పుకొచ్చింది.

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఆ అమ్మాయేనే. నీ ఫోను మోగి మోగి ఊరుకుంటుంటే ఓ రోజు తనే ఎత్తింది. ఇకనుంచి నాకు చెయ్యండమ్మా అని తన నంబరిచ్చింది. పేరడిగితే, తోటలో అందరూ వసపిట్ట అంటారు, మీరూ అలాగే పిలవండి అని నవ్వింది. ఈవేళ మాట మధ్యలో ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు."

లీడరమ్మ తల్లి చేతిలోని ఫోను తీసుకుని ఆ నంబరుకు చేసింది. మోగి మోగి ఊరుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. ఇన్నాళ్లూ అమ్మకు వినిపించింది ఇదేనన్నమాట అనుకుంది.

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఒక్క మాటతో అంతమందిలో తన పరువు తీయగలిగిన మనిషి, ఆ మాట మింగేసి తల దించుకుని వెళ్లిపోయింది. ఎక్కడని వెతకాలి? అసలు పేరేమిటో కూడా తెలియదు. తల్లి వైపు చూడలేక గోడ వైపు తిరిగింది.

పెద్దావిడ చెయ్యి చాచి కూతురి చెంగు పట్టుకుంది.

"ఫోను ఎత్తలేదని రేపు దాన్ని కోప్పడకే. నువ్వు మౌనంలో ఉన్నా నాకు కబుర్లు చెప్పడానికి మనిషిని పెట్టావు చూడు, ఆ పిల్ల ఆ సంగతి ఒక్కరోజూ మర్చిపోలేదు. ఎప్పుడు ఫోను ఎత్తినా 'మీ అమ్మాయి చెప్పమందండీ' అనే మొదలుపెట్టేది."