రొయ్యల సలాడ్

నిండు గర్భిణి చేతిలోని ప్లేటును ఆ కొత్తమనిషి లాగేసుకున్నాడు.

చర్చి హాలంతా బిత్తరపోయి చూసింది.

ఆ ఏడు ఈస్టర్ విందు బాధ్యత యూనివర్సిటీ పిల్లలది. చివరి సంవత్సరం చదువుతున్న షారన్ వాళ్లకు పెద్ద దిక్కు. పెండిల్ హిల్ పేటలోని చలపతి అంకుల్ షాపు నుంచి ఉడికించిన రొయ్యల పాకెట్లు తెచ్చి, క్లాస్‌మేట్ మెల్విన్‌తో కలిసి సలాడ్ చేసింది. మొదటి ప్లేటు మురిపెంగా నిండు నెలల అమృతక్కకే అందించింది.

"ఎవరండీ మీరు? ఏంటీ పని?" షారన్ ఆయనకు అడ్డుగా వచ్చింది.

"ఈ రొయ్యలు తినకూడదమ్మా. వీటిలో లిస్టీరియా అనే క్రిమి ఉంది. కడుపులో బిడ్డకి ప్రమాదం."

ఆయన ఒళ్లంతా చెమట. పరుగున వచ్చినట్టున్నాడు.

మెల్విన్ గిన్నె వాసన చూశాడు. "ఫ్రెష్‌గానే ఉన్నాయి అంకుల్."

"వాసనకి తెలీదు బాబూ."

ప్రభుత్వ నోటీసు చూపించమంది షారన్. అది సాయంత్రానికి గానీ రాదని, అంతదాకా ఆగితే మీరంతా తినేస్తారని చెప్పాడాయన.

"కౌన్సిల్ ఫుడ్ ఆఫీసరైతే మాత్రం ఇంత దబాయింపా?" ఎవరో గొణిగారు.

ఆయన అవుననలేదు, కాదనలేదు. సలాడంతా సంచుల్లోకి వంచుకున్నాడు. ఖాళీ పాకెట్లు కూడా ఏరుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అమృతం ముందు చేతులు జోడించాడు.

"తప్పయింది తల్లీ."

పొద్దుట్నుంచి పడిన కష్టం సంచుల్లో పోతుంటే షారన్‌కు ఏడుపొచ్చింది. 'మళ్లీ ఈ గుమ్మం తొక్కకండి' అని ఆయన వెనకే అనేసింది.

సాయంత్రం అందరి ఫోన్లూ మోగాయి. ఆ రొయ్యలు ఎవరూ తినొద్దు, కొన్నచోటే తిరిగి ఇచ్చేయండి అని ప్రభుత్వ ప్రకటన.

వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేసే ఉదయలక్ష్మి ఆంటీ అది చదివి, అమృతాన్ని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

రెండు నెలలు గడిచాయి. షాపులకు వెళ్లిన సరుకంతా వెనక్కి వచ్చేసింది. ఊరు మొత్తం మీద ఒక్కరూ జబ్బు పడలేదు. అమృతం బొద్దుగా ఉన్న ఆడపిల్లను కంది.

బిడ్డను చర్చికి తెచ్చిన ఆదివారం, పాస్టరుగారు ఆ పేరు తెలియని ఆఫీసరు కోసం ప్రార్థన చేశారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది షారన్.

ఆ మర్నాడే మిఠాయి డబ్బా పట్టుకుని చలపతి షాపుకు వెళ్లింది. ఆ ఆఫీసరు జాడ తెలుసుకుని, ఆయనకు క్షమాపణ చెప్పి, బిడ్డ ఫొటో చూపించాలని ఆశ.

"అంకుల్, ఆ రోజు మా చర్చి అడ్రస్ మీరే ఇచ్చుంటారు కదా. ఆ ఆఫీసర్‌ని ఎక్కడ కలవొచ్చు?"

"ఆఫీసరెవరమ్మా? జ్ఞానరాజుగారా? కంపెనీ మూతపడిపోయింది కదా, ఏదో ఉద్యోగం చూసుకుని పోయిన వారమే ఎక్కడో దూరాన డార్విన్ ఊరికి వెళ్లిపోయాడు."

"ఏ కంపెనీ?"

చలపతి తూకం ఆపి ఆమెవైపు చూశాడు.

"ఆ రొయ్యలు ఆయనవే కదమ్మా. ఎవరూ అడక్కముందే తన సరుకు తానే టెస్టుకి పంపి, గవర్నమెంటుకి తానే ఫోన్ చేసి, మీ హాలుకి పరిగెత్తాడు."