గాలికి ఆరని హారతి

పడవ కేబిన్ కిటికీ అద్దం భళ్లున పగిలింది.

రివ్వున వచ్చిన గాలికి పోతమ్మ చేతిలోని హారతి ఆరిపోయింది.

బయట జెట్టీ మీద, చేతికర్రతో ఆ ముసలాయనే నిలబడి ఉన్నాడు.

"ఏటి సేసినావురా!" పోతమ్మ భర్త ఎల్లారావు ఒక్క గెంతులో బయటికొచ్చాడు. "వేటకెళ్లే ముందు అద్దం బద్దలుగొడతావా?"

"తలుపులు బిగించి మంట ఎలిగించొద్దని ఎన్నిసార్లు సెప్పాను బాబూ? లోపల గ్యాసు బండుంది."

"తలుపు తీస్తే హారతి ఆరిపోదా?"

"ఆరిపోనీ."

పోతమ్మ లెంపలేసుకుంది. "గంగమ్మ తల్లీ, ఆ నోటి మాట సెవినెట్టకు!"

వేటకు బయల్దేరే ముందు గంగమ్మకు హారతివ్వడం, గాలి తగలకుండా కేబిన్ మూసెయ్యడం ఎల్లారావు ఇంట్లో తాతలనాటి ఆనవాయితీ.

ఈ ముసలాయన ఎవరో తెలీదు. కొన్నాళ్లుగా ఫిషింగ్ హార్బర్‌కి వస్తున్నాడు. మిగతా పడవల వంక చూడడు. ఎల్లారావు పడవ దగ్గరే తచ్చాడతాడు. హారతి వెలిగిస్తే మాత్రం మొహం తిప్పేసుకుంటాడు.

డీజిల్ దొంగేమోనని పడవలో పనిచేసే కళాసీల అనుమానం.

"గ్యాసు లీకైతే, ఆ మంట అలలాగ పరిగెడద్ది బాబూ," అన్నాడు ముసలాయన. "దారి దొరికితే సతికిలబడిపోద్ది. నాలుగు గోడల మధ్య బిగిస్తే, ఆ గోడలే దానికి బలం."

ఎల్లారావు బావమరిది సింహాద్రి పకపకా నవ్వాడు. "సముద్రం మీద బతికేవోళ్లకి అలల పాఠమా తాతా! బావా, ఈయన్ని కూడా ఎక్కించుకో. అలలు లెక్కెడతాడు."

ఎల్లారావు నవ్వలేదు. కర్ర లాక్కుని విరిచేశాడు. ఒక్క తోపు తోశాడు.

ముసలాయన తడి జెట్టీ మీద పడ్డాడు. మెల్లగా లేచి, పంచె దులుపుకున్నాడు.

"అద్దం మళ్లీ ఎయ్యకు బాబూ," అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత కనబడలేదు.

వేట తొందరలో అద్దం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మళ్లీ వేటకు బయల్దేరే రోజు వచ్చింది. ఎలుక కొరికిన గ్యాసు పైపు ఎవరూ చూడలేదు. చేపల కంపులో, డీజిల్ కంపులో గ్యాసు వాసన తెలియలేదు.

ఆ రోజు గాలి పెద్దగా లేదు; తలుపు మాత్రం బిగించారు. పోతమ్మ అగ్గిపుల్ల గీసింది.

భుస్సుమని లేచిన మంట కేబినంతా చుట్టి, పగిలిన కిటికీలోంచి బయటికి పోయింది.

ఎల్లారావు కనుబొమలు కాలాయి. పోతమ్మ చేతులు బొబ్బలెక్కాయి. అంతే.

పైపు చూడ్డానికి వచ్చిన మెకానిక్ కిటికీ వైపు చాలాసేపు చూశాడు.

"ఈ అద్దం ఉండుంటే కేబిన్ మిగిలేది కాదు. మీరు కూడా..." అని ఆగిపోయాడు.

"ఆ పెద్దాయన కాళ్ల మీద పడాలయ్యా," అంది పోతమ్మ, కట్టు కట్టిన చేతుల్తో కళ్లొత్తుకుంటూ.

ఐసు ఫ్యాక్టరీ దగ్గర లేడు. వలలు కుట్టేవాళ్ల దగ్గరా లేడు. చివరికి టీ కొట్టు ఈశ్వరిని అడిగారు.

"నువ్వు కర్ర ఇరగ్గొట్టిన రోజే ఎల్లిపోనాడు అన్నా. 'కిటికీ తెరుసుకుంది. ఇంక నాతో పన్నేదు' అన్నాడు."

"ఊరేది?"

"సెప్పనేదు."

"ఇన్ని పడవలుండగా మా పడవే ఎందుకు పట్టుకున్నాడే?"

ఈశ్వరి టీ గ్లాసు ఎల్లారావు చేతికిచ్చింది.

"సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదన్నా. నువ్వు రంగూ, పేరూ మార్చినా ఆయన గుర్తుపట్టేసినాడు."

"అయితే ఆ మాట నాతో సెప్పొచ్చు కదా!"

"సావు జరిగిన పడవని తెలిస్తే నువ్వెక్కుతావా? నీ బతుకుదెరువు పోద్దని నీకు సెప్పనేదు. నాకైనా ఎల్లేముందే సెప్పినాడు."

ఎల్లారావు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఎవరి సావు?"

"ఆయన కొడుకుది. గాలికి హారతి ఆరిపోద్దని ఈ పడవ తలుపే బిగించి, కొడుకు సేతికి అగ్గిపెట్టె ఇచ్చింది ఆయనేనన్నా."