మెట్లు దిగిన ఎవెలియో

హవానాలో ఇప్పుడు ఒక యంత్రం, చనిపోయిన బాక్సర్లను బొమ్మలుగా మళ్లీ బరిలోకి దింపుతోంది. ఏ కాలంవాడు గొప్పో ఆదివారం పోటీల్లో తేలిపోతుంది. ఫైనల్లో ఎవెలియోకు ఎదురుగా, అతనికంటే డెబ్బై ఏళ్లు ముందు పుట్టిన చాంపియన్ నిలిచాడు.

తొమ్మిదో రౌండ్లో ఎవెలియో కాళ్లు తడబడ్డాయి. నలభై ఏళ్ల కిందట అతను బరిలో ప్రాణం వదిలింది కూడా ఆ రౌండ్లోనే. బరి పక్కనే నిలబడ్డ భార్య మరిసేలా, విసిరితే ఓటమి ఒప్పుకున్నట్టయ్యే తువ్వాలు అందుకుంది.

కొడుకు ఓస్మెల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, పాయింట్లలో నాన్నే ముందున్నాడు. ఇంకొక్క రౌండ్ నిలబడితే క్యూబాలో అందరికంటే గొప్పవాడు ఆయనే! అది ఒట్టి బొమ్మ, దానికి నొప్పి తెలీదు."

"ఆ రోజూ ఇలాగే నా చెయ్యి పట్టుకుని ఆపారురా."

ఆమె విదిలించుకుని తువ్వాలు విసిరింది. గంట మోగింది. జనం తిట్టిపోశారు.

ఓడిపోయిన ఎవెలియో తాళ్ల కిందుగా వంగి, తన కాళ్లతో తానే మెట్లు దిగి వెళ్లాడు. కనబడినంతసేపూ మరిసేలా చూస్తూ నిలబడింది.