గేర్లు లేని బండి

"ఆటోమేటికి బండి ఉందా బాబూ?" ఈరమ్మ అడిగింది.

వనపర్తి షోరూంలో సేల్స్‌మన్ మొహసిన్ తలెత్తాడు. "ట్రాలీ ఆటోనా? అవి పక్క షోరూంల అమ్మా. ఇక్కడన్నీ పికప్‌లే."

"ఆటో గాదు, పికపే. గేర్లు మార్చే పని లేకుండ అదే మార్చుకుంటదంట గద, గసొంటిది."

వెనక నుంచి డ్రైవర్ విజయ్ పకపకా నవ్వాడు. "వదినె స్కూటీ అడుగుతుందన్నా. బస్తాలు మోసే స్కూటీ!"

షోరూమంతా నవ్వింది. ఈరమ్మ తల దించుకుంది. ఆమె భర్త కురుమయ్య మాత్రం కొత్త బండి టైర్లు చూస్తూ నిలబడ్డాడు. ఎవరేమన్నా పట్టించుకోని మనిషి.

అమరచింతలో పల్లికాయ వ్యాపారం చేసే దేవరాజు దగ్గర కురుమయ్య చాలాకాలంగా డ్రైవర్. పాత పికప్ పని అయిపోయింది. కొత్తది కొనడానికి దేవరాజు డ్రైవర్లిద్దరినీ వెంటబెట్టుకొని వచ్చాడు. దాని తాళం కురుమయ్యకా, విజయ్‌కా అన్నది ఇవాళ తేలాలి.

కురుమయ్య డ్రైవింగ్ మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా ఈరమ్మ మీదే. కొంతకాలంగా ఆమె మొగుణ్ని ఒంటరిగా బండెక్కనివ్వడం లేదు. గద్వాల మార్కెట్‌కు పోయినా, నాగర్‌కర్నూల్ మిల్లుకు పోయినా క్యాబిన్‌లో పక్కనే ఉంటుంది. ఉండటమే కాదు, అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. మార్కెట్ గేటు దాటేటప్పుడు కూడా తీయదు. అతని ఫోన్ ఆమె సంచిలోనే. ఎవరు చేసినా ఆమే ఎత్తుతుంది.

అనుమానపు మనిషని ఊళ్లో పేరు పడింది. హమాలీలు ఈలలు వేశారు. "నెత్తి నెరిసినంక ఏం సరసమే నీకు?" అని ఆడవాళ్లు మొహం మీదే అడిగారు. ఈరమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. చెయ్యి మాత్రం తీసేది కాదు.

"అమ్మా, లోడు బండ్లల్ల గేర్లే వస్తయి" అన్నాడు మొహసిన్. "ఆటోమేటిక్ ఒకటుంది గానీ అది షోకు బండి. ఫాంహౌస్‌లకు పోయేటోళ్లు కొంటరు. ధర ఇంటె మీ సేటు పరేషాన్ అయితడు. ఎన్క డబ్బల బస్తాలు గూడ సక్కగ పట్టవు."

"హైదరాబాద్‌ల గూడ దొరకదా?"

"యాడికి పోయినా గింతే. లోడు కొట్టాలంటే క్లచ్ తొక్కాలె, గేరెయ్యాలె."

ఈరమ్మ ముఖం పాలిపోయింది.

"నీకెందుకే బండి ముచ్చట?" అని విసుక్కుని, దేవరాజు కురుమయ్య భుజం తట్టాడు. కురుమయ్య యజమాని ముఖంలోకి చూశాడు. సేటు మాట్లాడుతుంటే అతను రెప్ప కూడా వేయడు. అది విశ్వాసమని దేవరాజు నమ్మకం.

"ఊరంత నన్ను జూసి నవ్వుతుండ్రు. కొత్త బండిల నీ పెండ్లాం ఎక్కొద్దు. ఒక్కనివే నడుపుతనంటే తాళం నీది. లేకుంటే విజయ్‌కి ఇస్త."

"నడుపుత సేటు!" కురుమయ్య అవసరానికి మించి గట్టిగా అన్నాడు.

ట్రయల్‌కు దేవరాజు పక్కన కూర్చున్నాడు. ఈరమ్మ గేటు దగ్గర నిలబడింది.

బండి కదిలింది. మొదటి గేరులోనే పరుగెత్తింది. ఇంజన్ గోలపెట్టింది.

"గేరు మార్చు" అన్నాడు దేవరాజు.

కురుమయ్య రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

"గేరు మార్చురా!"

అయినా అంతే. టీ కొట్టు దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఉన్నట్టుండి గేరు పైకి వేశాడు. మలుపులో తగ్గించాల్సింది తగ్గించలేదు. బండి గుంజుకొని గుంజుకొని నడిరోడ్డు మీద బంద్ పడింది.

విజయ్ చప్పట్లు కొట్టాడు. "పెండ్లాం చెయ్యి లేకుంటే అన్నకు కాలాడదు!"

దేవరాజు తలుపు విసిరికొట్టి దిగాడు. అప్పటికే ఈరమ్మ పరుగెత్తుకొచ్చింది. అందరూ చూస్తుండగా క్యాబిన్ ఎక్కి, కురుమయ్య మోకాలి మీద చెయ్యి వేసింది.

బండి మెత్తగా కదిలింది. ఒక గేరు, మరో గేరు, మరొకటి. చౌరస్తా దాకా పోయి, తిరిగొచ్చి, షోరూం ముందు ఆగింది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు.

ఎవరో ఈల వేశారు. దేవరాజు ముఖం కందిపోయింది. "దిగవే! సిగ్గు శరం ఉందా? మొగున్ని ఒక్కనాడన్న ఒంటిగ ఇడువవా?"

ఈరమ్మ దిగి, అందరి ముందూ చేతులు జోడించింది.

"తప్పు నాదే సేటు. నాకే అనుమానం. ఒంటిగ పోతే యాడ ఎవతె ఇంటి కాడ ఆగుతడో అని నాకు మనసున పట్టది. ఇంటికొస్తే నేనేమంటనో అని భయపడి గాయనకు చెయ్యాడదు. మనిషి మంచోడు, నాదే పాడుబుద్ధి. నన్ను తిట్టు. తాళం మాత్రం గుంజుకోకు."

మొహసిన్‌తో సహా అందరూ ఇంకా గట్టిగా నవ్వారు.

దేవరాజు తాళం ఆమె కాళ్ల దగ్గర పడేశాడు. "తీస్కపో. గిసొంటి పెండ్లాంతోని కాపురం చేస్తున్నందుకన్న వానికియ్యాలె."

ఈరమ్మ వంగి తాళం తీసుకుంది. కళ్లు తుడుచుకొని క్యాబిన్ ఎక్కింది. నవ్వులు ఆగలేదు. కురుమయ్య అద్దంలో వాళ్లను చూశాడు.

"గంత నవ్వుతుండ్రు, ఏందే?"

ఇంజన్ మోత కూడా చేరనంతగా చెవులు పోయిన మొగుడి గడ్డాన్ని, గేరు మార్చమని మోకాలి మీద తట్టే చేత్తోనే తన వైపు తిప్పుకొని, పెదవులు కనిపించేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది ఈరమ్మ: "నువ్వు... మస్తు... నడిపినవంట."