పైగెడ్డ గండి

“నీ మిషను తప్పు సెప్పింది బాబూ. ఆ కాయితం మీద సంతకం ఎట్టకు,” అంది ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోంచే.

ప్రొఫెసర్ భీమశంకరరావు గారి పెన్ను కాగితానికి బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది. తలెత్తి చూశారు. చేతిలో బంతిపూల సంచీ, మడమల నిండా ఎర్రమట్టి. పొద్దున్నే ఆనందపురం మార్కెట్లో పూలు దించేసి, బస్సెక్కి నేరుగా యూనివర్సిటీకి వచ్చేసిందావిడ. ముగ్గురు ప్యూన్లు ఆపబోతే ముగ్గురికీ తలో నాలుగు పూలు పెట్టి మరీ వచ్చింది.

“ఎవరమ్మా మీరు?”

“మీరు సెక్‌డేము కట్టిత్తన్నారే, ఆ ఊరిదాన్ని. పైగెడ్డ మీద కట్టాల. మీరేటి, కింద వరహాలమ్మ జీడితోట కాడ కట్టమని రాసేరంట. అక్కడ కడితే మా ఆరిళ్ళ బంతితోటలకీ సుక్క రాదు. ఎండల్లో బిందెల్తో మోసి మోసి మా నడుములు ఇరిగిపోతన్నాయి.”

“అది నేను రాసింది కాదమ్మా, కంప్యూటర్ చెప్పింది.” సార్ గొంతులో కాస్త గర్వం పలికింది. “పైనుంచి తీసిన ఫొటో ఇస్తే చాలు, ఏ వాగులో, ఏ గెడ్డలో నీరు ఎటు పారుతోందో గీతలు గీసి చూపించేస్తుంది. డాక్టర్లు కూడా ముచ్చటపడ్డారండి. మనిషి ఒంట్లో రక్తం పారే దారులు చూడ్డానికీ ఇదే కావాలన్నారు. మొన్న ఆసుపత్రికి పట్టుకెళ్ళి చూపించొచ్చాం. దీని లెక్క తప్పదు.”

“పైగెడ్డ గట్టుకి గండి ఉంది. సగం నీరు అక్కడే పొర్లిపోతంది. అది సూసిందా మీ మిషను?”

“ఉంటే చూసేదే.”

“నాను సూపిత్తే?”

ఆ ప్రోగ్రాం రాసిన కీర్తన పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. సార్ దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. నవ్వు దాచుకోవడానికి తల దించుకుంది. సార్ మాత్రం పైకే నవ్వారు.

“మిషను వదిలేసిన గండి ఒక్కటి చూపించండి. మీరు చెప్పినచోటే కట్టమని ఇప్పుడే, ఈ పెన్నుతోనే రాసిస్తాను.”

“పాపా, నువ్వు సాచ్చికం.”

“అలాగే మామ్మా,” అంది కీర్తన.

“అన్నిటికంటే పైనున్న ఫొటో తియ్యమ్మా కీర్తనా, అదే వీళ్ళ ఊరు,” అన్నారు సార్. కీర్తన అది నొక్కి, తెరుచుకునేలోగా మామ్మకి మంచినీళ్ళు తెద్దామని బయటికి వెళ్ళింది.

గోడ మీది పెద్ద తెర నిండా ఎరుపు పరుచుకుంది. ఆదిలక్ష్మమ్మ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తన ఊరిని పైనుంచి చూడటం ఇదే.

“మా ఎర్రమట్టే,” అంది మెల్లగా. “తెల్లగా గుండ్రంగా ఉన్నాది సెరువు. ఈ లావుది పెద్దగెడ్డ. పక్కన ఇయ్యన్నీ పిల్లగెడ్డలు. బాగానే గీసింది బాబూ, కాదన్ను.”

తెర మీద వేలు పెట్టి, గట్టు వెంబడి నడిచినట్టే నడిపించింది. రెండు మలుపులు తిరిగాక వేలు ఆగింది.

“ఇదిగో.”

“ఏముందక్కడ?” సార్ దగ్గరికొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “నెల్లాళ్ళై ఈ తెర మసకేస్తోందండి. కొత్తది కొనమంటే ఆఫీసువాళ్ళు వినిపించుకోరు.”

“ఎర్రమట్టి ఆరితే ఎర్రగుంటాది, తడిస్తే నల్లబడతాది. గెడ్డ పక్కన ఈ నల్లమరక సూడండి. ఒకటేటి, మూడున్నాయి. గట్టులోంచి నీరు ఊరి బయటికొచ్చేత్తంది. మీ మిషను గెడ్డలన్నీ గీసింది గానీ, దీని జోలికి ఎల్లనేదు.”

“దుమ్మేమో.” సార్ జేబురుమాలు తీసి తెర తుడిచారు. ఇంకాస్త గట్టిగా తుడిచారు. పక్కనున్న వేలిముద్రలు పోయాయి గానీ నల్లమరకలు కదల్లేదు.

“ఇంకా రుద్దండి,” అంది ఆదిలక్ష్మమ్మ. “తోటకి నీరు మోసినోళ్ళం, ఎంతసేపైనా కాసుకుంటాం.”

సార్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. పంతం ఉన్న మనిషే గానీ మాట తప్పే మనిషి కాదు. బల్ల దగ్గరికి వెళ్ళి, జీడితోట అన్నచోట కొట్టేసి, పైగెడ్డ అని రాసి, కింద సంతకం చేశారు.

ఆవిడ ఆ కాగితం అందుకుని సిరా ఆరేలా రెండుసార్లు ఊదింది. సంచీలో పూలన్నీ బల్ల మీద కుమ్మరించింది. గుమ్మం దాకా వెళ్ళి ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

“ఓ మాట బాబూ. ఈ గండిని మాత్రం నానబెట్టకండి. ఇప్పుడైతే సిన్న పనితో పోతాది. ఈ ఏడు వదిలేత్తే పొలమంతా పాడైపోద్ది, మళ్ళీ పనికిరాదు.”

“అలాగేనమ్మా. రేపే మనిషిని పంపించి చూపిస్తాను.”

అప్పుడే కీర్తన నీళ్ళ గ్లాసుతో వచ్చింది. తెర వైపు చూసి ఆగిపోయింది. దగ్గరికెళ్ళి ఆ మూడు మరకల్నీ పెద్దవి చేసి, చాలాసేపు చూసింది.

“ఏమ్మా, గండేనా?” అన్నారు సార్.

“గండే సార్. మనం వదిలేశాం, మామ్మ పట్టుకుంది.” గ్లాసు బల్ల మీద పెట్టింది. “కానీ దీనికి మనిషిని పంపితే కుదరదు, మీరే వెళ్ళాలి. ఇది మొన్న ఆసుపత్రిలో సరదాకి తీయించుకున్న మీ కుడికన్ను లోపలి ఫొటో.”