కొలతకు మించిన నిక్కరు

ఈ ఉదయం శ్రీనుకు నిక్కరు తొడుగుతుంటే నడుము దగ్గర గుండీ పట్టలేదు. అక్క పిన్నీసు పెట్టి కోర్టుకు తీసుకొచ్చింది.

కొడుకును తనకు ఇప్పించమని కేసు వేసింది బావ పాండురంగమే. అయినా మళ్లీ వాయిదా అడిగింది కూడా ఆయన వకీలే. ఈసారి సాక్షికి జ్వరమట. జడ్జిగారు ఉగాది వెళ్లాక రమ్మన్నారు.

అక్క వరండాలోకి వచ్చి శ్రీనును చంకనెత్తుకుంది.

“మంచిగైంది చెల్లె. అప్పటిదాంక వీడు నా దగ్గర్నే ఉంటడు. ఐదేండ్ల లోపు పిలగాడు తల్లి దగ్గర్నే అని మన వకీలు సాబ్ చెప్పిండు కద. ఇంక ఫికరెందుకు?”

“మరి వాయిదా బావనే ఎందుకు అడుగుతాండక్కా?”

“ఓడిపోతనని భయం,” అని అక్క నవ్వింది.

అంతలో బావే మా దగ్గరికి వచ్చాడు. తన దుకాణానికి వచ్చిన గిరాకీని పలకరించినట్టు మమ్మల్ని పలకరించి, శ్రీను చేతిలో ఒక పొట్లం పెట్టాడు. అందులో ఖాకీ నిక్కరు ఉంది. అక్క దాన్ని వాడి నడుముకు ఆనించి చూసింది.

“కన్నకొడుకు కొలత తెల్వదాయె. దీంట్ల ఇద్దరు పడతరు.”

బావకు కోపం రాలేదు. వాడి తల నిమిరాడు.

“ఎదుగుతాండు కద. బడికి పోయేయాళ్లకు సరిపోతది. మా పరకాల బడిల ఇదే రంగు.”

అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

శ్రీను శివరాత్రి నాడు పుట్టాడు. ఉగాదికి ముందొచ్చే ఈ శివరాత్రికి వాడికి ఐదేళ్లు నిండుతాయి.